ప్రాసెసర్ మార్చినప్పటి నుంచి మా ప్రెస్ కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోంది

పర్లా_ప్రెస్ (పర్లాకిమిడి), సోమవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నాన్నగారు ఇక్కడ చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నారు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, గుడి కమిటీల కరపత్రాలు తెలుగులోనూ ఒడియాలోనూ వేస్తాం. 1998లో కొన్న కంప్యూటర్ ఇప్పటికీ ఆయన బల్ల మీదే ఉంది. ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ బోర్డు, పెంటియం ఎమ్ఎమ్ఎక్స్ 166, 32 ఎంబీ ర్యామ్.

ఇన్నాళ్లూ దాన్ని పారేయకపోవడానికి కారణం అందులో ఉన్న జిస్ట్ కార్డు. ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ వాళ్లది, ఐఎస్ఏ అనే పాత రకం కార్డు స్లాట్‌లో దిగుతుంది. డాస్‌లో డీబేస్ లాంటి జాబితాలు దాచే ప్రోగ్రాముల్లో నేరుగా తెలుగు టైపు చేయొచ్చు. ఇస్కీ అనే భారతీయ లిపుల కోడ్‌లో తెలుగు, ఒడియా లాంటి లిపులకు ఒకే సంకేతాలు కాబట్టి తెలుగులో కొట్టిన పేరును అక్కడికక్కడే ఒడియా లిపిలో చూసుకోవచ్చు. అబ్బాయి వాళ్లు పాతపట్నం, అమ్మాయి వాళ్లు గుణుపురం అయితే నాన్న రెండు కార్డులకూ పేర్లు ఒక్కసారే కొట్టేవారు. పాతికేళ్ల ఖాతాదారుల జాబితా అంతా అందులోనే ఉంది.

నెల కిందట మా ఊరి మెకానిక్ ఒకరు స్పీడు పెంచుతానని ఏఎమ్‌డీ కే6-2 400 వేశారు. ర్యామ్ 128 ఎంబీ చేశారు. అప్పటి నుంచి పది నిమిషాలకే స్క్రీన్ బిగుసుకుపోతోంది. ఒక్కోసారి తెలుగు అక్షరాలు చెదిరిపోయి గళ్లు గళ్లుగా వస్తున్నాయి. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ మీద వేలు పెట్టలేకపోతున్నాం. మెకానిక్‌ని అడిగితే ఎండాకాలం కదా అంటున్నారు. నాన్న రోజూ దాని ముందు కూర్చుని స్విచ్ వేసి, ఆపి, మళ్లీ వేస్తున్నారు. చూడలేకపోతున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

బల్లార్షా_సర్వీస్ (బల్లార్‌పూర్), సోమవారం రాత్రి 9:48

తమ్ముడూ, మా చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 46, 47 డిగ్రీలు మామూలు. ఇక్కడ పాత మెషీన్లు నడపడం అంటే ముందు హీట్‌సింక్ సంగతే చూస్తాం. ప్రాసెసర్ మార్చినప్పుడు దానికీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే పాత థర్మల్ పేస్ట్ గీకకుండా మీదే కొత్తది పూశారేమో చూడు. రెండూ శుభ్రంగా తుడిచి, పలచగా పూసి, క్లిప్ గట్టిగా పట్టిందో లేదో చూసుకో. సాకెట్ 7 క్లిప్ ఒక పక్క పైకి లేచి ఉన్నా తెలియదు. 12 వోల్టుల ఫ్యాన్ ఒకటి కేసు వెనక పెట్టు.

బరంపురం_ల్యాబ్ (బరంపురం), సోమవారం రాత్రి 10:15

పేస్ట్ మార్చండి, తప్పులేదు. కానీ అంతకన్నా ముందు హార్డ్ డిస్క్ తీసి పక్కన పెట్టండి. మరో మెషీన్‌కు తగిలించి ఆ డీబేస్ ఫైళ్లన్నీ కాపీ చేయండి. వేడికి మధ్యలో ఆగిపోయే కంప్యూటర్ డిస్క్ మీద రాస్తున్నప్పుడు ఆగితే ఆ జాబితా పాడవుతుంది. బోర్డు పోతే ఇంకొకటి వెతుక్కోవచ్చు. పాతికేళ్ల పేర్లు ఎక్కడ వెతుకుతాం?

ఆ తర్వాత మూడు సంగతులు చూసి రాయండి. జంపర్లు (బోర్డు పిన్నులకు తొడిగే చిన్న టోపీలు) ఏ కోర్ వోల్టేజ్‌కి, అంటే ప్రాసెసర్ లోపలికి వెళ్లే వోల్టేజ్‌కి, పెట్టి ఉన్నాయి? బోర్డు నడిచే బస్ స్పీడు (మెగాహెర్ట్జ్‌లో) ఎంత? కంప్యూటర్ ఆన్ కాగానే స్క్రీన్ మీద ప్రాసెసర్ స్పీడు ఎంత చూపిస్తోంది? హీట్‌సింక్ తీసినప్పుడు చిప్ మీద అచ్చు వేసిన అక్షరాలు కూడా ఫొటో తీయండి.

రాయగడ_వైర్‌మ్యాన్ (రాయగడ), మంగళవారం ఉదయం 6:50

కేసు ముట్టుకుంటే జిల్లుమంటోందా? మన వైపు పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ మూడో పిన్నుకి వైరు ఉండదు. ఎస్ఎమ్‌పీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లయ్) లోపల ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి కేసుకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే కేసు మీద సగం వోల్టేజ్, అంటే 110 దాకా తేలుతుంది. ప్రింటర్ కేబుల్ పెట్టేటప్పుడు, కార్డు తీసి పెట్టేటప్పుడు అది పోర్టుల్నీ కార్డునీ దెబ్బ తీయగలదు. వేడికి ఇది కారణం కాదు. అయినా పని మొదలుపెట్టే ముందు సరి చేయించండి. లోపల చెయ్యి పెట్టేటప్పుడు ప్లగ్ పూర్తిగా పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు.

పర్లా_ప్రెస్, మంగళవారం రాత్రి 8:30

ఫైళ్లు కాపీ అయ్యాయి. బరంపురం మాస్టారూ, ఆ ఒక్క మాటకే మీకు దణ్ణం పెట్టాలి. నాన్న ముఖంలో సగం టెన్షన్ పోయింది.

రాయగడ అన్నగారు చెప్పినట్టే మూడో పిన్నుకి వైరు లేదు. ఎలక్ట్రీషియన్ రేపు వస్తానన్నారు.

పేస్ట్ నిజంగానే దళసరిగా మెత్తి ఉంది. తుడిచి మళ్లీ పూశాను. పది నిమిషాలకు ఆగేది ఇప్పుడు పదహారు నిమిషాలకు ఆగింది. అంతే తేడా.

చిప్ మీద కే6-2/400ఏఎఫ్ఆర్ అని, కింద 2.2 వోల్ట్ కోర్, 3.3 వోల్ట్ ఐ/ఓ అని ఉంది. ఆన్ చేయగానే స్క్రీన్ మీద 450 అని వస్తోంది. బస్ జంపర్ 75 దగ్గర ఉంది. బస్ స్పీడును ఎన్ని రెట్లు చేయాలో చెప్పే మల్టిప్లయర్ జంపర్ 2 దగ్గర ఉంది. కోర్ వోల్టేజ్ జంపర్ బోర్డు మీది పట్టిక ప్రకారం 2.8. 75ని రెండుతో గుణిస్తే 150 కదా, 450 ఎలా వస్తోంది?

బరంపురం_ల్యాబ్, మంగళవారం రాత్రి 9:05

దొరికింది. ముందు ఆ మెషీన్ ఆన్ చేయకండి.

కే6-2 చిప్‌లో కొత్త కోర్ (లోపలి డిజైన్) వచ్చాక 2 అనే జంపర్‌ని అది 6గా చదువుతుంది. పాత బోర్డుల్లోనూ 400కి చేరేందుకు ఏఎమ్‌డీ పెట్టిన వెసులుబాటు అది. 66ని 6తో గుణిస్తే 400. మీ మెకానిక్ బస్‌ను 75కి లేపారు కాబట్టి 450. అంటే చిప్‌ను దాని హద్దు దాటించి నడుపుతున్నారు.

అంతకన్నా పెద్ద తప్పు వోల్టేజ్. మీ పాత ఎమ్ఎమ్ఎక్స్‌కి 2.8 కావాలి. ఈ చిప్‌కి 2.2 చాలు. జంపర్ మార్చకుండా వదిలేశారు. చిప్ తినే కరెంటు వేడిగా మారేది వోల్టేజ్ వర్గాన్ని బట్టి, స్పీడుని బట్టి పెరుగుతుంది. 2.2 దగ్గర 400 మీద నడిస్తే ఈ చిప్ గరిష్ఠంగా 16.9 వాట్లు. 2.8ని 2.2తో భాగించి వర్గం చేస్తే 1.62. స్పీడు వల్ల ఇంకో 1.125 రెట్లు. గుణించి చూడండి, 30 వాట్లు దాటుతుంది.

ఇప్పుడు హీట్‌సింక్ ఒక్కో వాట్‌కు ఒక డిగ్రీ పెరగనిస్తుందనుకుందాం. కేసు లోపలి గాలి 48 డిగ్రీలుంటే 17 వాట్ల చిప్ 65 దగ్గర ఆగుతుంది. 31 వాట్ల చిప్ 79కి వెళ్తుంది. పేరు చివరి ఆర్ అక్షరానికి అర్థం, పైభాగం 70 డిగ్రీలు దాటకూడదని. పేస్ట్ మారిస్తే ఆరు నిమిషాలు ఎక్కువ నడిచిందన్నారు చూడండి, ఆ లెక్క కూడా దీనికి సరిపోతుంది. వేడి పుట్టడం తగ్గలేదు, కాస్త బాగా బయటికి వెళ్లిందంతే.

బల్లార్షా_సర్వీస్, మంగళవారం రాత్రి 9:20

ల్యాబ్ మాస్టారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. నేను ఫ్యాన్ దగ్గరే ఆగిపోయాను. వోల్టేజ్ తప్పుగా ఉన్న చిప్‌కి ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లాభం లేదు.

పర్లా_ప్రెస్, మంగళవారం రాత్రి 9:31

కానీ మాస్టారూ, బోర్డు మీది పట్టికలో 2.2 లేనే లేదు. 2.8, 2.9, 3.2 మాత్రమే అచ్చు వేసి ఉన్నాయి. నాలుగు జతల పిన్నులున్నాయి. 2.8కి నాలుగో జత మీద మాత్రమే టోపీ. 2.9కి నాలుగు, ఒకటి. 3.2కి నాలుగు, మూడు.

జయపురం_రేడియో (జయపురం), మంగళవారం రాత్రి 10:10

ఇంత బాగా చూసి రాశారు, సమాధానం మీ మాటల్లోనే ఉంది. చాలా బోర్డుల్లో ఆ నాలుగు జతలూ 2.0కి కలిపే ముక్కలు. ఒకటోది 0.1, రెండోది 0.2, మూడోది 0.4, నాలుగోది 0.8. మీరు రాసినవి సరిచూడండి. నాలుగోది ఒక్కటే పెడితే 2.8. ఒకటి కలిపితే 2.9. నాలుగు, మూడు పెడితే 3.2. అన్నీ కుదిరాయి. కాబట్టి రెండో జత మీద ఒక్కటే పెడితే 2.2 రావాలి. బోర్డు తయారైన రోజుకి ఈ చిప్ పుట్టలేదు, అందుకే పట్టికలో వేయలేదు.

నమ్మి చిప్ పెట్టేయకండి. ప్రాసెసర్ తీసి, సాకెట్ ఖాళీగా ఉంచి ఆన్ చేసి, సాకెట్ పక్కనున్న పెద్ద కెపాసిటర్ల కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టి కొలవండి. కొన్ని చోట్ల 5 చూపిస్తుంది, కొన్ని చోట్ల 3.3. ఒక గుంపు దగ్గర మాత్రం జంపర్ మారిస్తే అంకె మారుతుంది. కోర్ వోల్టేజ్ అక్కడిదే. 2.2కి అటూ ఇటూగా ఉంటే ఆపి, ప్లగ్ పీకి, చిప్ పెట్టండి. మీటరు ముల్లు పక్క కాలికి తగలకుండా చూసుకోండి.

సిరోంచ_పాతపెట్టె (సిరోంచ), బుధవారం ఉదయం 7:15

అన్నా, నాకొక అనుమానం. విండోస్ 95లో కే6-2 350 దాటితే ఆన్ అవుతుండగానే ప్రొటెక్షన్ ఎర్రర్ వస్తుంది, దానికి ప్యాచ్ వేసుకోవాలి. అది కూడా కారణమేమో? ఇంకోటి, 430టీఎక్స్ చిప్‌సెట్ క్యాష్ (ర్యామ్‌లోది వేగంగా అందించే చిన్న మెమరీ) 64 ఎంబీ ర్యామ్ దాకానే పని చేస్తుంది. 128 వేస్తే పై సగానికి క్యాష్ ఉండదు, విండోస్ ముందు ఆ పై సగాన్నే వాడుకుంటుంది. స్పీడు కోసం వేసిన ర్యామ్ స్పీడు తగ్గిస్తుంది.

పర్లా_ప్రెస్, బుధవారం రాత్రి 9:40

సిరోంచ తమ్ముడూ, ఉన్నది విండోస్ 98, పైగా డాస్‌లో కూడా ఆగిపోతోంది కాబట్టి ఆ ఎర్రర్ కాదు. ర్యామ్ మాట మాత్రం నిజం. ఒక స్టిక్ తీసేసి 64 చేశాను, విండోస్ కళ్లకు తెలిసేంత చురుగ్గా వచ్చింది.

ఎర్తింగ్ అయింది. కేసు ఇప్పుడు చల్లగా, మామూలు ఇనుములా ఉంది. ఇన్నేళ్లూ ఆ జిల్లు కంప్యూటర్‌కి సహజం అనుకున్నాం.

రెండో జత మీద టోపీ పెట్టి కొలిచాను. 2.21. ఆ అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. చిప్ పెట్టి ఆన్ చేశాను. నలభై నిమిషాలు నడిచింది, హీట్‌సింక్ మీద వేలు పెట్టగలిగాను. కానీ జిస్ట్ కార్డులో అక్షరాలు ఇంకా చెదురుతున్నాయి. తర్వాత మళ్లీ ఆగిపోయింది.

బరంపురం_ల్యాబ్, బుధవారం రాత్రి 10:02

బస్ ఇంకా 75 దగ్గరే ఉంచారా? మీ బోర్డులో పీసీఐ (ఐఎస్ఏ తర్వాత వచ్చిన కార్డుల దారి) స్పీడు బస్‌లో సగం. ఐఎస్ఏ స్పీడు పీసీఐలో నాలుగో వంతు. బస్ 66 అయితే పీసీఐ 33, ఐఎస్ఏ 8.3 మెగాహెర్ట్జ్. 75 చేస్తే పీసీఐ 37.5, ఐఎస్ఏ 9.4. జిస్ట్ కార్డు 8 చుట్టూ నడవడానికి చేసిన కాలంది. ప్రాసెసర్ స్పీడు పెంచుదామని బస్ జంపర్ ముట్టుకుంటే ఆ పెట్టెలో ఉన్న ప్రతి కార్డూ, హార్డ్ డిస్క్ కంట్రోలరూ దానితో పాటు పరుగెత్తాలి. 66కి దించండి.

పర్లా_ప్రెస్, గురువారం మధ్యాహ్నం 3:10

66కి దించాను. అక్షరాలు నిలబడ్డాయి! పొద్దున్న నాన్న జాబితా తెరిచి, ఒక పేరు తెలుగులో చూసి, ఒడియాలోకి మార్చి, మళ్లీ తెలుగులోకి తెచ్చారు. నాలుగైదుసార్లు అలాగే చేశారు. ఏమీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం రెండున్నరకి మళ్లీ ఆగిపోయింది. ఇప్పుడు 400 మీద, 2.2 దగ్గర, సరైన బస్ మీద ఉంది. ప్రాసెసర్ హీట్‌సింక్ గోరువెచ్చగానే ఉంది. సాకెట్ పక్కనున్న ఇంకో చిన్న హీట్‌సింక్ దగ్గర మాత్రం చెయ్యి పెడితే సెగ వస్తోంది. అక్కడి రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి.

జయపురం_రేడియో, గురువారం సాయంత్రం 5:25

అసలు సంగతి ఇది. అందరూ ప్రాసెసర్‌నే చూస్తారు, దాని పక్కన కూర్చుని వోల్టేజ్ దించి ఇచ్చే రెగ్యులేటర్‌ని చూడరు. ఆ చిన్న హీట్‌సింక్ దగ్గర రాగి తీగ చుట్టిన గుండ్రటి కాయిల్ ఏమైనా ఉందా?

పర్లా_ప్రెస్, గురువారం సాయంత్రం 5:50

కాయిల్ లేదన్నా. చుట్టూ వెతికాను.

జయపురం_రేడియో, గురువారం రాత్రి 8:45

అయితే అది లీనియర్ రెగ్యులేటర్. ఎస్ఎమ్‌పీఎస్ ఇచ్చే 5 వోల్టుల్లో చిప్‌కి కావలసింది పోను మిగిలినదంతా వేడి చేసి పారేస్తుంది. కాయిల్ ఉన్న స్విచింగ్ రకం అయితే ఈ వృథా బాగా తక్కువ.

లెక్క చూద్దాం. మీ పాత ఎమ్ఎమ్ఎక్స్ 166 గరిష్ఠంగా 13.1 వాట్లు. 2.8 దగ్గర అంటే సుమారు 4.7 ఆంపియర్లు. రెగ్యులేటర్ దించాల్సింది 2.2 వోల్టులు, కాబట్టి అక్కడ పుట్టే వేడి 10 వాట్లు. ఇప్పుడు కే6-2 400: 16.9 వాట్లు, 2.2 దగ్గర 7.7 ఆంపియర్లు. దించాల్సింది 2.8 వోల్టులు. అక్కడ 21 వాట్లకు పైనే. చిప్ వోల్టేజ్ తగ్గిన కొద్దీ ఈ రకం రెగ్యులేటర్ మీద బరువు పెరుగుతుంది. పది వాట్లకి తయారు చేసిన బొటనవేలంత అల్యూమినియం ముక్క ఇరవై ఒకటిని ఎలా మోస్తుంది? మధ్యాహ్నం గది వేడెక్కగానే వోల్టేజ్ జారి కంప్యూటర్ ఆగిపోతోంది.

కెపాసిటర్లు ఉబ్బడం కూడా ఆ సెగ వల్లే. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పక్కన పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. మీకు సోల్డరింగ్ అలవాటు లేకపోతే బోర్డు విప్పి తీసుకురండి, జయపురంలో మా షాపులో మారుస్తాను. అదే మైక్రోఫారడ్, వోల్టేజ్ కాస్త ఎక్కువది, 105 డిగ్రీలది, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్నది వేయాలి. మామూలు రేడియో కెపాసిటర్ వేస్తే నెల నిలవదు.

బల్లార్షా_సర్వీస్, గురువారం రాత్రి 9:00

ఒక మాట కలుపుతాను. డాస్‌లో మీరు టైపు చేయకుండా ఊరికే కూర్చున్నా ప్రాసెసర్ ఖాళీగా ఉండదు, తిరుగుతూనే ఉంటుంది. అందుకే డాస్‌లో వేడి తగ్గదు. పాత ఎమ్ఎమ్ఎక్స్ చిప్ ఉంటే దాన్నే మళ్లీ పెట్టేయమని నా సలహా.

పర్లా_ప్రెస్, గురువారం రాత్రి 9:12

పాత చిప్ మెకానిక్ తీసుకెళ్లారు. అడిగితే ఎక్కడో పడిపోయిందన్నారు. చాలా బాధనిపించింది.

బరంపురం_ల్యాబ్, గురువారం రాత్రి 9:30

బాధపడకండి, ఉన్న చిప్‌తోనే ఒడ్డెక్కవచ్చు. మీ బోర్డులో మల్టిప్లయర్‌కి రెండు జంపర్లే ఉన్నాయి. ఈ చిప్‌కి 4, 4.5, 5, 5.5 కావాలంటే మూడోది ఉండాలి. కాబట్టి మీకు దొరికేవి 2.5, 3, 6, ఇంకా 1.5 అని రాసి ఉన్నచోట పెడితే 3.5. అది పెట్టండి. 66ని 3.5తో గుణిస్తే 233. స్పీడు తగ్గినంత మేరా చిప్ వేడి కూడా తగ్గి 10 వాట్ల దగ్గరికి వస్తుంది. కరెంటు 4.5 ఆంపియర్లు, రెగ్యులేటర్ మీద 12.5 వాట్లు. పాత చిప్ ఉన్నప్పటి 10కి దగ్గరే. నాన్నగారి డీబేస్ పనికి 233 ఎంతో ఎక్కువ. 400 ఎవరికి కావాలి?

కెపాసిటర్లు మాత్రం మార్చక తప్పదు.

పర్లా_ప్రెస్, ఆదివారం రాత్రి 8:15

శుక్రవారం తెల్లవారుజామున బోర్డు పట్టుకుని జయపురం బస్సెక్కాను. రేడియో అన్నగారు రెండు కాదు, వరసలో ఉన్న ఆరు కెపాసిటర్లూ మార్చారు. పైసా తీసుకోలేదు, భోజనం పెట్టి పంపారు. ఎస్ఎమ్‌పీఎస్ వేడెక్కాక 5 వోల్టుల లైను 4.7కి పడిపోతోందని ఆయనే పట్టుకున్నారు. 4.75 కంటే తగ్గకూడదట. తన దగ్గరున్న మంచి ఏటీ (పాత రకం) పవర్ సప్లయ్ ఒకటి ఇచ్చారు.

నిన్న బిగించాను. కోర్ 2.2, బస్ 66, మల్టిప్లయర్ 3.5, ర్యామ్ 64. చిన్న ఫ్యాన్ ఒకటి రెగ్యులేటర్ మీదికి గాలి తగిలేలా తంతితో కట్టాను. రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడిపాను, ఒక్క తప్పు కూడా రాలేదు. ఈరోజు మధ్యాహ్నం గదిలో 39 డిగ్రీలు ఉంది. పదకొండు నుంచి ఐదింటి దాకా ఆపకుండా నాన్న పని చేసుకున్నారు. రెగ్యులేటర్ హీట్‌సింక్ వేడిగానే ఉంది కానీ వేలు నిలుస్తోంది.

జంపర్ల లెక్క అంతా నాన్న తన చేతిరాతతో కాగితం మీద రాసి కేసు మూత లోపల అంటించారు. పైన తెలుగులో, కింద ఒడియాలో.

రాయగడ_వైర్‌మ్యాన్, ఆదివారం రాత్రి 8:40

చాలా సంతోషం బాబూ. ఆ ఎర్త్ గుంటలో వేసవి అయ్యేదాకా వారానికోసారి బకెట్ నీళ్లు పోయించండి. నేల ఎండిపోతే ఎర్తింగ్ పని చేయదు.

సిరోంచ_పాతపెట్టె, ఆదివారం రాత్రి 9:05

అన్నా, ఇది చదివి నా పెట్టె మూత తీసి చూశాను. నా బోర్డులో కూడా కాయిల్ కనిపించడం లేదు. పోయినేడు నేనే కే6-2 వేశాను. ఇప్పుడు స్విచ్ ఆపేసి ప్లగ్ పీకేశాను. రేపు మంచిర్యాల పోయి మల్టీమీటర్ తెస్తాను. జంపర్ల ఫొటో పెడతాను, చూసి చెప్పండి.